సిక్కోలులో బస్సుకు సొంత దారి ఇవ్వగలమా? ఆమదాలవలస – శ్రీకాకుళం – ఎచ్చెర్ల బీఆర్‌టీ మీద చర్చ

నాగావళి_ఒడ్డు | ఆదివారం, సాయంత్రం 6:40

మన జిల్లా కేంద్రం శ్రీకాకుళంలో, అంటే మన సిక్కోలులో, రైల్వే స్టేషన్ లేదు. ‘శ్రీకాకుళం రోడ్’ అని బోర్డున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఎచ్చెర్ల వైపు. ఇంకా ముందుకెళ్తే రణస్థలం, పైడిభీమవరం ఫ్యాక్టరీలు. పెద్దాసుపత్రి, కలెక్టరేటు, కోర్టులు, బజారు అన్నీ ఊళ్లో. రైలు దిగినవాళ్లు, చదువుకెళ్లేవాళ్లు, షిఫ్టుకెళ్లేవాళ్లు, ఉద్దానం నుంచి ఆసుపత్రికొచ్చేవాళ్లు చివరికి ఈ ఊరి రోడ్ల మీదకే రావాలి. సొంత బండి లేనివాళ్లకి బస్సో, షేర్ ఆటోనో తప్ప దిక్కు లేదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. ఇంతకు ముందు నడిచో, మానుకునో ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఇప్పుడు ఆసుపత్రికి, కాలేజీకి వస్తున్నారు. ఇది చాలా మంచి మార్పు. కానీ బస్సు పరుగు మాత్రం మారలేదు. ఆమదాలవలస నుంచి ఊరి మొగ దాకా చకచకా వచ్చిన బస్సు, డే అండ్ నైట్ కూడలి నుంచి ఏడు రోడ్ల కూడలి వైపు అడుగు తీసి అడుగు వేస్తుంది. బస్సులో 60 మంది, పక్కన కారులో ఒక్కరు. ఇద్దరికీ రోడ్డు మీద ఒకే వాటా.

ఆమదాలవలస స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా ఎచ్చెర్ల వరకు బీఆర్‌టీ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్, అంటే బస్సుకే సొంత దారి ఉండే వేగపు రవాణా) గురించి మనం ఎందుకు మాట్లాడకూడదు? రోడ్ల లెక్కలు తెలిసినవాళ్లు, బస్సు నడిపినవాళ్లు, రోజూ ఎక్కేవాళ్లు అందరూ చెప్పండి. వ్యతిరేకించేవాళ్లు కూడా కారణంతో సహా రాయండి.

రోడ్డు_కొలతలు | ఆదివారం, రాత్రి 8:05

సివిల్ ఇంజనీరుగా ముందు ఒక విషయం స్పష్టం చేస్తాను. రోడ్డు మీద గీత గీసి ‘బస్సులకు మాత్రమే’ అని రాసేస్తే అది బీఆర్‌టీ కాదు. వేరే బండి దూరకుండా బస్సుకు ప్రత్యేక దారి ఉండాలి. ఆ దారి రోడ్డు మధ్యలో ఉండాలి, ఎందుకంటే అంచున పార్కింగు, ఎడమకు తిరిగే బళ్లు, ఆగిన ఆటోలు ఉంటాయి. టికెట్ స్టేషన్లోనే కొనాలి. ప్లాట్‌ఫాం ఎత్తు, బస్సు నేల ఎత్తు సమానంగా ఉండాలి. కూడళ్లలో బస్సుకు ముందు దారి దొరకాలి. ఈ ఐదూ కలిసినప్పుడే రైలులా పని చేస్తుంది. బ్రెజిల్లోని కురిటిబా 1974లో బస్సు దారులతో మొదలుపెట్టింది. మెట్లెక్కే పని, బస్సులో టికెట్ కొట్టే పని తప్పించే గొట్టం ఆకారపు స్టేషన్లు అక్కడ 1991లో గాని రాలేదు. అంటే వాళ్లు కూడా అన్నీ ఒక్కరోజే కట్టలేదు.

ఇక మన రోడ్డు. రానూ పోనూ బస్సు లేన్లకి 7 మీటర్లు. స్టేషన్ ఉన్నచోట కనీసం 3 మీటర్లు. అటూ ఇటూ మిగతా బళ్లకి ఒక్కో లేనే ఇచ్చినా ఇంకో 7. ఫుట్‌పాత్‌లకి 4. మొత్తం 21 మీటర్లు, అంటే దాదాపు 70 అడుగులు. ఇది కూడా బాగా పిసినారి లెక్క, ఒక్క బండి ఆగిపోతే వెనకున్నవన్నీ ఆగిపోతాయి. మిగతా బళ్లకి రెండేసి లేన్లు కావాలంటే 90 అడుగులు దాటుతుంది. జీటీ రోడ్డులో గాని, పాలకొండ రోడ్డులో ఊరి మధ్య ముక్కలో గాని అంత వెడల్పు ఎక్కడుందో ఎవరైనా చూపించండి. కాబట్టి ఊరి నడిబొడ్డున పూర్తి బీఆర్‌టీ అసాధ్యం అని నా మాట. ఊరి బయట సంగతి వేరు, దాని గురించి తర్వాత రాస్తాను.

జీటీరోడ్డు_వ్యాపారం | ఆదివారం, రాత్రి 9:30

ఇంజనీరు గారు వెడల్పు లేదన్నారు, సంతోషం. కానీ ఇలాంటి చర్చలు చివరికి ‘వెడల్పు చేద్దాం’ దగ్గరికే వస్తాయి. మా నాన్నగారి కాలం నుంచి ఉన్న షాపు మాది. రోడ్డు వెడల్పు చేస్తే ముందు గది పోతుంది. ముందు గది పోతే షాపే లేదు. ఎదురుగా బండి ఆపే చోటు తీసేసినా అంతే. పెళ్లిళ్ల సీజన్లో పొందూరు, నరసన్నపేట, గార నుంచి కుటుంబాలు బళ్లేసుకుని వస్తారు. ఆపడానికి చోటు లేకపోతే నేరుగా విశాఖ వెళ్లిపోతారు.

నేను బస్సుకి వ్యతిరేకిని కాదు. మా షాపులో పనిచేసే అమ్మాయిలంతా బస్సులోనే వస్తారు. కానీ ఊరు బాగుపడటానికి ఎప్పుడూ మా గోడలే ఎందుకు కూలాలి?

రిటైర్డ్_కంట్రోలర్ | ఆదివారం, రాత్రి 10:12

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి, కంట్రోలరుగా రిటైరయ్యాను. వెడల్పు సంగతి ఇంజనీరు గారికి వదిలేస్తాను. బస్సు టైము ఎక్కడ పోతుందో నేను చెప్తాను.

అందరూ ట్రాఫిక్కే అనుకుంటారు. సగం టైము స్టాపులోనే పోతుంది. ఒక్క తలుపు, మూడు మెట్లు. పైన బుట్టలు, బియ్యం మూటలు, చంకన పిల్లలు. దిగేవాళ్లు దిగకుండానే ఎక్కేవాళ్లు తోసుకొస్తారు. కండక్టరు వెనక సీట్ల దగ్గర ఉంటాడు, ముందు స్టేజీ వచ్చేస్తుంది. టికెట్లు పూర్తి కాకపోతే చెకింగు వాళ్లొస్తే ఉద్యోగానికే ముప్పు. అందుకని బండి పక్కకు తీయించి టిమ్ మిషన్ మీద టికెట్లు కొట్టి అప్పుడు రైట్ చెప్తాడు. ఇప్పుడు స్త్రీశక్తిలో సున్నా టికెట్ కూడా కొట్టాలి, ఆధార్ కార్డు చూడాలి. పని పెరిగింది గాని కండక్టరు చేతులు రెండే.

దీనికి మందు మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. గ్రౌండ్ బుకింగ్ అంటాం. బస్సు కదలక ముందే కింద నిలబడి టికెట్లన్నీ ఇచ్చేయడం. నాన్‌స్టాపులు అలాగే నడుస్తాయి. ఈ బీఆర్‌టీలో స్టేషన్లో టికెట్ అంటున్నది కూడా అదే పద్ధతి, దానికో గది కట్టారంతే. రద్దీ వేళల్లో ఆమదాలవలస స్టేషన్ దగ్గర, కాంప్లెక్సులో, ఏడు రోడ్ల దగ్గర ముగ్గురు కండక్టర్లని కింద నిలబెట్టండి. ఒక్క గోడా కూలక్కర్లేదు. వ్యాపారం గారు, మీ గోడకి నాదీ హామీ.

ఆటో_బావు | సోమవారం, ఉదయం 6:20

మాస్టార్లందరికీ నమస్కారం. నాను ఆమదాలవలస స్టేషన్ కాడ ఆటో ఏస్తాను. ఫ్రీ బస్సు ఒచ్చిన కాడ్నించి ఆడోళ్లు ఆటో ఎక్కడం తగ్గింది. గవర్మెంటు 15 ఏలు ఇచ్చింది, కాదనను. కానీ అది ఏడాదికి ఒక్కసారి. ఫైనాన్సోడు నెలనెలా ఒస్తాడు.

ఇప్పుడు బస్సుకి సొంత రోడ్డు కూడా ఇత్తే మాము ఎక్కడ తిరగాల? రైలు దిగినోళ్లు సామాన్లతో ఉంటారు. రేత్రి రెండు గంటలకి రైలొస్తాది. ఆ టైముకి బస్సుంటాదేటి? అప్పుడు తీసుకెల్లేది మామే. బస్సు మంచిదే, నా కూతురూ బస్సులోనే కాలేజీకెల్తాది. మమ్మల్ని రోడ్డు మీదకి తోసేసి మాత్రం సెయ్యకండి.

రోడ్డు_కొలతలు | సోమవారం, ఉదయం 8:50

ఆటో బావు గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. బీఆర్‌టీ బాగా నడిచే ఊళ్లలో కూడా బస్సు పెద్ద రోడ్డు మీదే తిరుగుతుంది. ఆ రోడ్డు నుంచి ఇంటిదాకా ఆటోయే కావాలి. స్టేషన్ పక్కనే ఆటో స్టాండుకి చోటు ముందే గీయాలి, తర్వాత చూద్దాంలే అంటే ఆటోలు బస్సు ముందే ఆగుతాయి. అది వాళ్ల తప్పు కాదు, గీసినవాడి తప్పు.

బీచ్‌రోడ్_నుంచి | సోమవారం, ఉదయం 10:15

పుట్టింది టెక్కలి, ఉండేది విశాఖలో. మన పక్కనే ఉన్న ఉదాహరణని ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర నగరాభివృద్ధి పథకం కింద విశాఖలో రెండు బీఆర్‌టీఎస్ కారిడార్లు తలపెట్టారు. ఒకటి పెందుర్తి పేరుతో, ఇంకోటి సింహాచలం పేరుతో. ఒక్కోటి సుమారు 20 కిలోమీటర్లు. రోడ్లు వెడల్పయ్యాయి, మధ్యలో బస్సు దారికి దిమ్మెలు కట్టారు. భూముల చిక్కులతో కొన్ని ముక్కలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ముక్కలు ముక్కలుగా ఉన్న దారిలో బస్సుకి లాభం ఏముంటుంది? ప్రత్యేక బస్సులు, స్టేషన్లో టికెట్లు, సమాన ఎత్తు ప్లాట్‌ఫాంలు అనుకున్నట్టు నిలబడలేదు. బస్సుల కోసం వదిలిన మధ్య లేన్లలోకి అన్ని బళ్లూ వచ్చేశాయి. విజయవాడలోనూ సత్యనారాయణపురం వైపు ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అని పేరు మిగిలింది గాని, అది బస్సు దారిగా ఎవరికీ తెలియదు.

నాకు అర్థమైంది ఏంటంటే, రోడ్డు కట్టడానికి డబ్బొచ్చింది, బస్సు నడపడానికి రాలేదు. కాంట్రాక్టరు పని అయిపోయింది, ఆర్టీసీ పని మొదలే కాలేదు. సిక్కోలులో సిమెంటుతో మొదలుపెట్టకండి. దయచేసి.

రిటైర్డ్_కంట్రోలర్ | సోమవారం, ఉదయం 11:02

ఈ చివరి మాట బల్ల మీద అద్దం కింద పెట్టుకోవాలి.

సబర్మతి_సిక్కోలు | సోమవారం, రాత్రి 9:45

మాది పోలాకి. ఉద్యోగం అహ్మదాబాదులో. ఇక్కడి బీఆర్‌టీ అయిన జనమార్గ్ బస్సుల్లోనే తిరుగుతాను. మీరంతా విఫలమైన ఊళ్ల గురించి రాస్తున్నారు కాబట్టి, నడుస్తున్న ఊరి గురించి చెప్తాను.

2009 అక్టోబరులో ఆర్టీఓ నుంచి పిరానా వరకు మొదటి ముక్క మొదలైంది. తెలివి ఎక్కడంటే, బాగా ఇరుకైన పాత బస్తీతో మొదలుపెట్టలేదు. వెడల్పున్న రోడ్డు మీద ముందు నడిపి చూపించారు. జనం ఎక్కి ‘బాగుంది’ అన్నాక తర్వాతి ముక్కలు. స్టేషన్ రోడ్డు మధ్యలో. గేటు దగ్గర టికెట్. ప్లాట్‌ఫాం ఎత్తు 900 మిల్లీమీటర్లు, బస్సు నేలకూడా అంతే. బస్సు కుడి పక్కన తలుపు తెరుచుకుంటుంది, గదిలోంచి గదిలోకి నడిచినట్టు నడిచిపోవడమే. ముసలివాళ్లు, చీరకట్టుకున్న ఆడవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు ఎవరూ ఆగి ఆలోచించరు.

లోపాలూ ఉన్నాయి. స్టేషన్ రోడ్డు మధ్యలో ఉంటే అక్కడికి రోడ్డు దాటి వెళ్లాలి, ఆ దాటడమే భయం. బైకులు బస్సు దారిలోకి దూరిపోతాయి, ప్రమాదాలు జరిగాయి. ఇరుకు చోట్ల బస్సు మామూలు బళ్లతో కలిసి వెళ్తుంది. అయినా బస్సు ఎప్పుడొస్తుందో తెలిసే ఊరు వేరు, తెలియని ఊరు వేరు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆమదాలవలసలో దిగి ఆ తేడా చూస్తాను.

చక్రాల_కుర్చీ | సోమవారం, రాత్రి 10:30

ఇంతవరకు చదివి ఊరుకుందామనుకున్నాను. 900 మిల్లీమీటర్ల దగ్గర ఆగలేకపోయాను.

నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. మన పల్లెవెలుగు బస్సు ఎక్కడం నాకు సాధ్యం కాదు. ఇద్దరు ఎత్తితే ఎక్కాలి, ఎత్తేవాళ్లు దొరికినా కుర్చీ పెట్టే చోటు లేదు. పెన్షను పనికి, సదరం (వైకల్య) సర్టిఫికెట్ పనికి, ఆసుపత్రికి వెళ్లాలంటే ప్రతిసారీ ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. బస్సు ఛార్జీ రాయితీ కార్డు నా దగ్గర ఉంది. ఎక్కలేని బస్సులో రాయితీ నాకెందుకు?

మీరంతా నిమిషాలు మిగులుతాయా, షాపులు పోతాయా అని మాట్లాడుతున్నారు. అవి ముఖ్యమే. కానీ సమానమైన ప్లాట్‌ఫాం అంటే నాలాంటివాళ్లకి బస్సు మొదటిసారి వాడుకలోకి రావడం. పూర్తి బీఆర్‌టీ సాధ్యం కాదంటారా, సరే. కనీసం పెద్దాసుపత్రి స్టాపు, కాంప్లెక్సు, ఆమదాలవలస స్టేషన్ ఈ మూడు చోట్ల ఎత్తు ప్లాట్‌ఫాం, వాలుదారి కట్టి, ఆ మూడింటి మధ్య సరిపోయే ఎత్తున్న బస్సులు నాలుగు తిప్పినా నా బతుకు మారిపోతుంది. ఈ కోరికని జాబితాలో చివరికి నెట్టకండి.

నాగావళి_ఒడ్డు | సోమవారం, రాత్రి 10:48

చివర కాదు. మొదటి వాక్యంగా పెడతాను.

రోడ్డు_కొలతలు | మంగళవారం, ఉదయం 7:30

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కుంది. మన ఆర్టీసీ బస్సులకి తలుపు ఎడమ పక్కే. రోడ్డు మధ్యలో ఒకే స్టేషన్ కడితే తలుపు కుడి పక్క కావాలి, అంటే కొత్త బస్సులే కొనాలి. అవి పాలకొండ, టెక్కలి రూట్లలో పనికిరావు, ఎందుకంటే అక్కడ స్టాపులన్నీ ఎడమన. చక్రాల కుర్చీ గారు చెప్పిన మూడు చోట్లా ఎడమ పక్కనే ప్లాట్‌ఫాం కడితే ఈ చిక్కు లేదు. నేల ఎత్తు 650 మిల్లీమీటర్ల రకం బస్సులున్నాయి, ఇంకా కిందికి 400 మిల్లీమీటర్ల రకమూ ఉంది. మన వానల్లో నీళ్లు నిలిచే రోడ్లకి 400 కష్టం. 650కి తగ్గట్టు ప్లాట్‌ఫాం కట్టుకోవచ్చు.

ఢిల్లీ గురించి కూడా చెప్పాలి, అందరూ దాన్నే చూపించి భయపెడతారు. 2008 ఏప్రిల్లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్లు మొదలైంది. బస్సుల్లో ఉన్న జనం తొందరగా వెళ్లారు. కార్లు చిరాగ్ దిల్లీ కూడలి దగ్గర బారులు తీరాయి. కారిడార్ వద్దంటూ ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్ని కొట్టేసింది. అయినా 2015లో ప్రభుత్వం కారిడార్ తీసేయాలని నిర్ణయించింది. భోపాల్లో 2013లో కట్టినది 2024 జనవరిలో పీకడం మొదలుపెట్టారు. ఇండోర్ ఏబీ రోడ్డు కారిడార్ కూడా 2024 నవంబరులో తీసేస్తామన్నారు. ఇండోర్ బస్సులు ఖాళీగా తిరిగినవి కావు, జనం బాగా ఎక్కేవారు.

మూడు చోట్లా ఒకటే కనిపిస్తుంది. పక్క లేన్లో ఇరుక్కున్నవాడికి బస్సు దారి ఖాళీగా కనబడింది. నిజానికి రెండు నిమిషాలకో బస్సు, బస్సుకి 50 మంది అంటే గంటకి 1500 మంది ఆ ‘ఖాళీ’ దారిలో వెళ్లినట్టు. కానీ రెండు నిమిషాల్లో ఒక నిమిషం యాభై సెకన్లు అక్కడ ఏమీ కనబడదు. ఇక మనకి పది నిమిషాలకో బస్సు ఉంటే? ఆ దారిని మొదటి వారంలోనే బైకులు ఆక్రమిస్తాయి, పోలీసు కూడా ఆపడు. అందుకే ముందు బస్సుల సంఖ్య పెరగాలి. లేన్ తర్వాత.

జీటీరోడ్డు_వ్యాపారం | మంగళవారం, ఉదయం 11:40

బస్సులెక్కడ నుంచి వస్తాయి? కేంద్రం 2023లో ఆమోదించిన ఈ-బస్ పథకం ప్రధానంగా 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాలకి. 2011 లెక్కల్లో మన ఊరు లక్షన్నర కూడా లేదు. మనకి కొత్త బస్సులు ఎవరిస్తారో చెప్పకుండా లేన్ల గురించి మాట్లాడటం నాకు అర్థం కావడం లేదు.

వేదిక_నిర్వహణ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

ఏ పార్టీ ప్రభుత్వంలో ఏ రోడ్డు ఆగిందన్న దాని మీద వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తొలగించాం. ఆమదాలవలస రోడ్డు విస్తరణ ఎంత సాగిందో, ఎంత దుమ్ము తిన్నామో అందరికీ తెలుసు. ఇక్కడ ముందు ఏం చేయాలో మాట్లాడుకుందాం.

ఎచ్చెర్ల_హాస్టల్ | మంగళవారం, సాయంత్రం 5:20

నేను యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. మా వైపు సమస్య వేరు. మాకు రోడ్డు వెడల్పు బోలెడుంది, 16వ నంబరు జాతీయ రహదారి ఆరు వరుసలు. దాని మధ్యలో బస్ స్టేషన్ కడతారని ఎవరైనా అనుకుంటే ఆ ఆలోచనే వద్దు. లారీలు వచ్చే వేగంలో ఆ రోడ్డు దాటి మధ్యలోకి వెళ్లడం మాకు ప్రాణం మీదకొస్తుంది. పైగా అది జాతీయ రహదారుల సంస్థది, మన కార్పొరేషన్ అడిగినా ఇవ్వరు.

మాకు కావలసింది సర్వీసు రోడ్డు మీద వెలుతురున్న స్టాపు. సాయంత్రం లైబ్రరీ నుంచి బయటకొచ్చాక హైవే పక్కన చీకట్లో నిలబడతాం. దూరం వెళ్లే బస్సులు ఆగవు. ఆగేవి నిండుగా వస్తాయి. ఫ్రీ బస్సు అయ్యాక ఒకటి రెండు సార్లు ‘మీకు ఫ్రీయే కదా, వెనక బస్సుకి రండి’ అని తలుపు వేసేశారు. ఆ వెనక బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నన్నడిగితే బీఆర్‌టీలో ‘ఆర్’ అక్షరం, అంటే వేగం, మాకు అంత అక్కర్లేదు. ఫలానా టైముకి వస్తుంది అన్న నమ్మకం చాలు.

రిటైర్డ్_కంట్రోలర్ | మంగళవారం, రాత్రి 8:30

అమ్మా, అలా తలుపు వేసినవాడి తరఫున సిగ్గుపడుతున్నాను. బండి నంబరు, టైము రాసుకుని డిపోలో ఫిర్యాదు ఇవ్వు. సున్నా టికెట్ కూడా టికెట్టే, దానికి సంస్థకు ప్రభుత్వం డబ్బు కడుతుంది. ఆ మాట ప్రతి కండక్టరుకీ తెలియాలి.

వ్యాపారం గారికి జవాబు. కొత్త బస్సులు లేకుండానే కొన్ని ట్రిప్పులు పుట్టించవచ్చు. బస్సు ఊళ్లో ఇరుక్కుని ఒక్కో ట్రిప్పుకి 15 నిమిషాలు పోగొట్టుకుంటే, రోజుకి ఎనిమిది ట్రిప్పుల బండి 120 నిమిషాలు నిలబడి ఉన్నట్టు. ఆ రెండు గంటలు తిరిగొస్తే అదే బండితో అదే డ్రైవరు ఇంకో రెండు ట్రిప్పులు కొడతాడు. లెక్క కోసం 15 అన్నాను, మీరు సగమే వేసుకోండి, అయినా ఒక ట్రిప్పు మిగులుతుంది. నిలబడ్డ బస్సుని కదిలిస్తే అదే కొత్త బస్సు.

రోడ్డు_కొలతలు | మంగళవారం, రాత్రి 10:05

కంట్రోలర్ గారు సరిగ్గా ముడి ఉన్నచోట పట్టుకున్నారు. ఆ నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చెప్తాను: ఏడు రోడ్ల కూడలి.

నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ నాలుగు దఫాలు తిరుగుతుంది. ఏడు రోడ్లకి ఏడు దఫాలు ఇస్తే, ఒక్కోదానికి 20 సెకన్లు వేసినా 140, మధ్యలో పసుపు దీపాల టైము కలిపితే 160 దాటుతుంది. అంటే ఒక్కసారి ఎరుపు పడితే బస్సు రెండు నిమిషాలకు పైగా నిలబడాల్సి రావచ్చు. అందుకే అక్కడ సిగ్నల్ కంటే పోలీసు చెయ్యే నయమనిపిస్తుంది. దీనికి మందు సిగ్నల్ మార్చడం కాదు, కూడలికి వచ్చే దారులు తగ్గించడం. మూడు చిన్న రోడ్లని కూడలిలోంచి బయటకు వెళ్లే వన్‌వేలుగా చేస్తే, లోపలికి వచ్చేవి నాలుగే మిగులుతాయి. ఎదుర్లోంచి కుడికి తిరగడం ఆపి, ముందుకెళ్లి వెనక్కి తిరిగి రమ్మంటే ఇంకా తేలిక. బీఆర్‌టీ కట్టిన చాలా ఊళ్లలో కూడళ్ల దగ్గర చేసిన పని ఇలాంటిదే, దానికి దిమ్మెలు, రంగు, నలుగురు పోలీసులు చాలు.

రెండోది, కూడలికి ముందు వంద మీటర్లు మాత్రం ఎడమ అంచున బస్సుకి వదలడం. మొత్తం రోడ్డు కాదు, వంద మీటర్లే. బారు చివర నిలబడకుండా బస్సు ముందుకు వచ్చి ఆగుతుంది. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 8. మిగతా టైములో అక్కడ మీ పార్కింగు మీదే, వ్యాపారం గారు.

జీటీరోడ్డు_వ్యాపారం | మంగళవారం, రాత్రి 10:50

సాయంత్రం 4 నుంచి 8 మా అమ్మకాల టైము. మీరు తీసుకుంటానన్నది సరిగ్గా అదే. ఉదయం ఒప్పుకుంటాను, మా సంఘంలో కూడా మాట్లాడతాను. సాయంత్రం ఒప్పుకోను.

సబర్మతి_సిక్కోలు | బుధవారం, ఉదయం 7:10

సాయంత్రమే కాలేజీలు, ఆఫీసులు వదిలేది అన్నా. బస్సులో వచ్చేవాళ్లు కూడా మీ గిరాకీయే. కారులో వచ్చినవాళ్లు ఒక్క షాపు ముందు ఆపుకుంటారు, బస్సు దిగినవాళ్లు పది షాపుల ముందు నుంచి నడుస్తారు.

జీటీరోడ్డు_వ్యాపారం | బుధవారం, ఉదయం 9:25

నడవడానికి ఫుట్‌పాత్ ఉంటే కదా తమ్ముడూ. ముందు అది అడగండి, దానికి మొదటి సంతకం నాది.

బీచ్‌రోడ్_నుంచి | బుధవారం, మధ్యాహ్నం 1:00

హుబ్బళ్లి–ధార్వాడ్ మనకి కొంచెం దగ్గర పోలిక. అవీ జంట ఊళ్లే, మధ్యలో రోడ్డు. సుమారు 22 కిలోమీటర్లు, 2018 అక్టోబరులో ప్రయోగంగా మొదలై 2020 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా లాంఛనంగా ప్రారంభమైంది. అక్కడ స్టేషన్ల దగ్గర ఒక బస్సు ఆగితే ఇంకో బస్సు దాటిపోవడానికి అదనపు లేన్ ఉంది. కానీ ఆ రెండు ఊళ్ల జనాభా కలిపి మనకి చాలా రెట్లు. మన ఆమదాలవలస రోడ్డు నాలుగు వరుసలయ్యాక మధ్య డివైడర్‌ని ఇప్పుడే కొంచెం వెడల్పుగా వదిలిస్తే, ఇరవై ఏళ్ల తర్వాత ఆలోచించేవాళ్లకి చోటు మిగులుతుంది. ఇప్పుడు షాపులు లేవు, గోడలు లేవు. తర్వాత అడిగితే మళ్లీ ఇదే గొడవ.

రిటైర్డ్_కంట్రోలర్ | బుధవారం, సాయంత్రం 4:15

రథసప్తమికి అరసవల్లి వైపు బళ్లు మళ్లించి, దూరంగా పార్కింగు పెట్టి, లక్షల జనాన్ని దాటిస్తారు మన పోలీసులు. ఏటా చేస్తున్న ఊరికి వంద మీటర్ల లేన్ పెట్టడం చేతకాదని నేను నమ్మను. ఒక నెల కోన్‌లు పెట్టి చూడమనండి. పని చేయకపోతే కోన్‌లు ఎత్తేయడానికి పావుగంట చాలు. కట్టి పీకే ఖర్చు లేదు.

నాగావళి_ఒడ్డు | బుధవారం, రాత్రి 9:00

సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తాను. బీఆర్‌టీ అన్న మాట అర్జీలో పెట్టడం లేదు. ఆ మాట చూడగానే కోట్ల అంచనా అడుగుతారు, ఫైలు అక్కడే ఉండిపోతుంది.

ఇలా రాశాను, చూడండి. పెద్దాసుపత్రి, ఆర్టీసీ కాంప్లెక్సు, ఆమదాలవలస స్టేషన్ దగ్గర చక్రాల కుర్చీ ఎక్కగలిగే ప్లాట్‌ఫాంలు, వాటికి సరిపోయే బస్సులు. రద్దీ వేళల్లో ఆ స్టాపుల్లో, ఏడు రోడ్ల దగ్గర గ్రౌండ్ బుకింగ్. ఏడు రోడ్ల కూడలిలోకి వచ్చే దారులు తగ్గించి, ముందు వంద మీటర్లు బస్సుకి వదిలి నెల రోజుల ప్రయోగం, ముందు ఉదయం వేళ మాత్రమే. ఎచ్చెర్లలో సర్వీసు రోడ్డు మీద దీపాలున్న స్టాపు, బస్సుల టైములు రాసిన బోర్డు. జీటీ రోడ్డుకి ఫుట్‌పాత్. ఆమదాలవలస రోడ్డు డివైడర్ వెడల్పు. సాయంత్రం వేళ గురించి ఉదయం ప్రయోగం అయ్యాక వ్యాపారుల సంఘంతో కూర్చుని మాట్లాడాలని కూడా రాశాను.

జీటీరోడ్డు_వ్యాపారం | బుధవారం, రాత్రి 9:40

కూర్చుంటాం. ఒప్పుకుంటామని మాత్రం రాయకండి.

చక్రాల_కుర్చీ | బుధవారం, రాత్రి 9:52

సోమవారం నేనూ వస్తాను. మొదటి పేరా నేనే చదివి వినిపిస్తాను.

ఆటో_బావు | గురువారం, ఉదయం 6:05

అంతా సదివాను. ఆటో స్టాండు ఊసు ఎక్కడా లేదు. మొన్న ఇంజనీరు గారు ముందే గీయాల అన్నారు కదా. స్టేషన్ కాడ ప్లాట్‌ఫాం ఎక్కడ కడతారో, దాని పక్కన మా బళ్లు ఎక్కడ ఆగుతాయో కాయితం మీద గీసి సూపించండి. అప్పుడు మా స్టాండోళ్లందరి సంతకాలు నాను తెస్తాను. కుర్చీ మేడంని సోమారం కలెక్టరాఫీసుకి నా బండిలోనే తీసుకెల్తాను, డబ్బులొద్దు.

రోడ్డు_కొలతలు | గురువారం, ఉదయం 7:15

ఈ రోజు సాయంత్రం 5 గంటలకి టేపు పట్టుకుని ఆమదాలవలస స్టేషన్ దగ్గరకి వస్తున్నాను బావుగారూ. మీ స్టాండులో ఎన్ని బళ్లు ఒకేసారి నిలబడతాయో లెక్క చెప్పండి. మీరు చూస్తుండగానే గీస్తాను.